ఎనిమిది బొట్లు

2007లో ఇనుప ఖనిజం కొనే కంపెనీ తరఫున బళ్లారి దగ్గర కురుగోడులోని మా ఇంటికొచ్చిన కోలిన్, ఒకప్పుడు ఇంగ్లండులో పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడు. ఆ మాట వినగానే ఖనిజం తోలే ఆరు లారీల ఓనరైన మా అత్త రామలక్ష్మమ్మ ఖనిజం సంగతే మరిచిపోయింది.

"ఆయప్ప ఎన్ని గోల్స్ కొట్టినాడో అడుగే, అనుపమా," అంది ఇంగ్లీషు తెలిసిన నాతో.

పద్నాలుగేళ్లలో తొమ్మిది క్లబ్బులకు ఆడి, నూట తొంభై ఆరు కొట్టాడట.

"అన్ని కొట్టేవాణ్ని ఎవరన్నా ఇడుస్తారా? ఏం తప్పు చేసినాడంట?"

తప్పేమీ లేదనీ, క్లబ్బులే తనను ఎనిమిదిసార్లు ఒకదానికొకటి అమ్ముకున్నాయనీ ఆయన చెప్పాడు. అత్త వక్క నమలడం ఆపేసింది.

"యాడైనా మనిషిని అమ్ముతారా? సరే, అమ్మేటప్పుడు పూజన్నా చేసినారా?"

మేం పాత లారీని అమ్మితే, కొన్నవాళ్లు తోలుకుపోయే ముందు అత్త దాన్ని కడిగించి, పసుపు రాసి, బొట్టు పెట్టి పంపుతుంది. అది నేను వివరిస్తే కోలిన్ పెద్దగా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, ఒకసారైతే తనను అమ్మిన సంగతి కారులో రేడియో వింటుంటే తెలిసిందన్నాడు.

అత్తకు ఒళ్లు మండింది. "థూ! ఏం మనుషులే వాళ్లు!" అంటూ లోపలికెళ్లి కుంకుమ భరిణె తెచ్చింది.

"ఏ కాలితో ఎక్కువ కొట్టినాడో అడుగు."

నేను అడిగితే ఆయన అయోమయంగా ఎడమ కాలు చాపాడు. అత్త వంగి, ప్యాంటు మీదే మోకాలికి వరసగా ఎనిమిది బొట్లు పెట్టింది.