గాజుగొట్టంలో తెలుపు

ఆ పిల్లకు ఏడేళ్లు. గుప్పెడంత మనిషి కాబట్టి వీధిలో అందరూ పిచిక అనేవారు. తల్లి పోయాక అమ్మమ్మే సాకింది. అమ్మమ్మ దర్జీ పని చేసేది.

పిచిక ముఖం ఉబ్బడం మొదలైనప్పుడు పక్కింటావిడ సంబరపడింది. "మీ పిచిక పావురమైందే!" అంది. అమ్మమ్మ నవ్వలేదు. పదిహేను రోజుల కిందట కుట్టిన గౌను నడుము దగ్గర పట్టడం లేదు, చేతులు మాత్రం వదులయ్యాయి. ఒళ్లు చేస్తే అలా ఉండదని ఆమెకు తెలుసు. పాదం మీద వేలితో నొక్కింది. పడ్డ గుంట అలాగే ఉండిపోయింది.

మర్నాడు ఆస్పత్రికి తీసుకెళ్లింది. అక్కడున్నవి రెండే గదులు. డాక్టరు వారానికోసారి వస్తాడు, మిగతా రోజుల్లో అన్నీ నర్సమ్మే. మూత్రం పరీక్షించే పట్టీలు అయిపోయి నెలైంది. అందుకని ఆమె పాత పద్ధతిలో మూత్రాన్ని గాజుగొట్టంలో పోసి స్పిరిట్ దీపం మీద వేడిచేసింది. చూస్తుండగానే పైభాగం తెల్లబడి, ఉడికిన గుడ్డులా గడ్డకట్టింది.

"ఇదేంటమ్మా?"

"ఒంట్లో ఉండాల్సిన బలం, పెద్దమ్మా. మూత్రపిండాల్లోంచి కారిపోతోంది."

"నేను పెట్టిందంతా ఇలా పోతోందా!"

నర్సమ్మ పిల్ల తల్లి ఎలా పోయిందో మెల్లగా అడిగి, పిచిక వేలి నుంచి రక్తం తీసింది. హెచ్ఐవీ ఉందని తేలింది. అమ్మమ్మ గోడకు చేరగిలబడి పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

వారం తిరిగాక డాక్టరు వచ్చాడు. "తల్లి నుంచి వచ్చింది. ఆ వైరస్సే మూత్రపిండాల్లోని జల్లెడలను పాడుచేసినట్టుంది. మూత్రపిండం ముక్క తీసి పరీక్షించే సదుపాయం మనకు లేదు. దానికోసం పెద్దాస్పత్రి చుట్టూ తిరుగుతూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. వైరస్ మందులున్నాయి, కారడం తగ్గించే బీపీ మాత్ర ఉంది. మొదలుపెడదాం."

"నయమవుతుందా బాబూ?"

"మాటివ్వలేనమ్మా. ఒక్క పూట కూడా తప్పించకండి."

మొదట్లో పిచిక మందులు కక్కేసేది. బతిమాలి, కసిరి, మళ్లీ బతిమాలి మింగించేది అమ్మమ్మ. నెలనెలా గొట్టం వేడెక్కేది. మూడో నెలలోనూ గడ్డ అలాగే కట్టింది. ఆరో నెలకు పలుచటి మంచులా మారింది. తొమ్మిదో నెలలో మూత్రం బుడబుడా మరిగింది గానీ తెల్లబడలేదు. అనుమానం తీరక నర్సమ్మ అందులో ఆమ్లం చుక్కలు వేసింది. అప్పుడూ తెల్లబడలేదు. తన కళ్లనే నమ్మలేక ఇంకో గొట్టంతో మళ్లీ చేసి, డాక్టర్ని కేకేసింది.

ఆయన గొట్టాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏమీ కనబడట్లేదు కదమ్మా?" అంది అమ్మమ్మ భయంగా.

"అదే పెద్దమ్మా! ఏమీ లేదు!" అంది నర్సమ్మ. "ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాను. ఇలాంటి పిల్లల్ని పెద్దాస్పత్రికి పంపడమే గానీ, ఇంత తేటగా ఎప్పుడూ చూడలేదు."

అమ్మమ్మ వేడి గొట్టాన్ని చేతిలోకి తీసుకుంది. కాలుతున్నా వదల్లేదు. శనగగింజంత మాత్రలు కంటికి కనబడని జల్లెడ దాకా ఎలా వెళ్లాయో ఆమె ఊహకు అందలేదు.

"లోపల ఏం జరిగింది బాబూ?"

"కొంత చెప్పగలను. అంతా నాకూ తెలీదు," అన్నాడు డాక్టరు, ఇంకా గొట్టాన్నే చూస్తూ. "మందులు మాత్రం జీవితాంతం వాడాల్సిందే. మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది."

పెద్దవాళ్లు ముగ్గురూ ఉత్త నీళ్లను అంతసేపు ఎందుకు చూస్తున్నారో పిచికకు అర్థం కాలేదు.

"అమ్మమ్మా, పద. బడికి ఆలస్యమవుతోంది."

పిచిక ముందు పరిగెత్తింది. అమ్మమ్మ వెనకే నడిచింది. బడి గేటు మూసేశాక కూడా ఆమె చాలాసేపు అక్కడే నిలబడింది.