గీ చెయ్యి గూడ సూడు

"ఏం పెట్టినవ్ దానికి?"

పిల్లకు విరేచనాలు పట్టుకుంటే ఉపేందర్ నోట వచ్చే మొదటి మాట అదే. జ్వరముందా, నీళ్లు తాగుతోందా అని కాదు. మూడేళ్ల లాస్యను భుజాన వేసుకుని భవాని ఒంటిచేత్తో ఓఆర్ఎస్ కలుపుతుంటే, "ఊరోళ్ల నీళ్లన్నీ పరీక్ష జేస్తవ్, ఇంట్ల పిల్లను సూస్కోవు" అని ఇంకో మాట విసిరి ఫోన్లో పడ్డాడు మొగుడు మహారాజు.

భవాని మల్లాపూర్‌లో ఓ చిన్న కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది. వాళ్లు చేసేవి బయోసెన్సర్ పట్టీలు. తిండిలోనో నీళ్లలోనో రోగం తెచ్చే బ్యాక్టీరియా ఉంటే పట్టీ మీద నీలం గీత పడుతుంది. అక్కడ ఆమె మాటకు విలువుంది. నాచారంలో ఇంటి గడప దాటి లోపలికొస్తే మాత్రం మళ్లీ ముద్దాయే. అత్త మల్లవ్వ పనులన్నీ చేస్తుంది గానీ మనవరాలికి ఒక్క ముద్ద కలిపి పెట్టదు. ఏది పెట్టినా గరిటెతోనే, చెంచాతోనే. ఆడపిల్లని చిన్నచూపు కాబోలని భవాని లోలోపల ఎన్నాళ్లుగానో అలిగే ఉంది.

ఆ ఆదివారం పొద్దున పట్టీల డబ్బా తెచ్చి వంటింట్లో పెట్టుకుంది. నిన్నటి పప్పులో ఏమీ లేదు. పాలలో లేదు. తలుపు దగ్గర నిలబడి చూసి చూసి, మల్లవ్వ కుడి అరచెయ్యి చాపింది.

"గీ చెయ్యి గూడ జర సూడు బిడ్డా."

"నీ చెయ్యెందుకు అత్తమ్మా?"

"ఉపేందర్ కంటె ముందు నాకొక ఆడపిల్ల. వాంతులు, బేదులయ్యి సచ్చిపోయింది. నీ చేతుల ఇసమున్నదని మా అత్త అన్నది. గప్పటి సంది ఈ చేత్తోని ఎవ్వలికీ ముద్ద వెట్టలే. వీనికి గూడ చెంచాతోనే వెట్టిన."

భవాని ఆ చేతిని దగ్గరకు తీసుకుంది. ఇన్నాళ్లూ తను అలిగింది ఈ భయం మీదనా! తడి దూదితో ఆ అరచేతిని మెల్లగా తుడిచి పట్టీకి అద్దింది. కాసేపటికి నీలం గీత పడింది.

మల్లవ్వ చేతిని కొంగులో దాచేసుకుంది. "ముసల్ది నిజమే అన్నది."

"ఆగు అత్తమ్మా." భవాని ఇంకో పట్టీతో తన చెయ్యి చూసుకుంది. నీలమే. ఉపేందర్‌ను పిలిచి అతని చెయ్యీ తుడిచింది. అదీ నీలమే.

"నేను వంటింట్లకే రాను గదా..." అని అతను నీళ్లు నమిలాడు.

ముగ్గురూ ఇందాకే నల్లా కింద చేతులు కడుక్కున్నారు. తాగేది ఫిల్టరు నీళ్లే అయినా, పిల్ల గిన్నెలూ పండ్లూ కడిగేది ఆ నల్లా నీళ్లతోనే. వాటిలో ముంచిన పట్టీ అన్నిటికన్నా ముదురుగా తేలింది. మిద్దె మీద ట్యాంకు మూత ఎండాకాలంలో పగిలింది. "వచ్చే ఐతారం మారుస్త" అంటూనే ఉన్నాడు ఉపేందర్. అందులో రెట్టలేసే పావురాలు ఐతారం దాకా ఆగవు కదా. ఎవరూ ఏమీ అనకముందే అతను మెట్లెక్కాడు.

భవాని నీళ్లు మరిగించి చల్లార్చి, అత్త చేతులు తన చేతుల్లోకి తీసుకుని సబ్బుతో కడిగింది.

"అప్పుడు మీకు నీళ్లెక్కడియి అత్తమ్మా?"

"మురికి పారే మోరి పక్క బాయిల నీళ్లు."

"ఆ నీళ్ల సంగతి ఎవ్వరూ అడగలేదా?"

మల్లవ్వ వింతగా చూసింది. "నీళ్లను ఎవరన్న తిడ్తరా బిడ్డా? తిట్టెతందుకు నేనుంటి గద."

ఆనాటి బావి గురించి ఏ పట్టీ చెప్పలేదు. అది భవానికి తెలుసు. గిన్నెలో వేడన్నం, పెరుగు వేసి అత్త ముందు పెట్టింది.

మల్లవ్వ కడిగిన చెయ్యి మళ్లీ చాపింది. "ఇంకొక్కపారి సూడు బిడ్డా. మంచిగున్నదో లేదో."

భవాని పట్టీల డబ్బా మూసేసింది.

"ఆకలైతుంది అత్తమ్మా. ముందు నాకు పెట్టు" అని నోరు తెరిచింది.