అమ్మ మొక్కల ఇంటిపేరు

ఎండుమొక్కలను అట్టలకు అంటించి బీరువాల్లో దాచే హెర్బేరియంలో ఆ ఉదయం శాస్త్రవేత్తకు కాళ్లు నేల మీద నిలవడం లేదు. అమ్మ పేరు దక్కించుకునే ఉపాయం దొరికింది మరి.

ఇరవయ్యేళ్ల కిందట ఆమె మూడు రకాల కొండమొక్కలను ఒక ప్రజాతిగా, అంటే దగ్గరి చుట్టాలున్న ఒక కుటుంబంలా, విడదీసి, తనతోపాటు కొండలెక్కి మూటలు మోసిన అమ్మ పేరు పెట్టింది. మన ఇంటిపేరులాగే మొక్కకూ ప్రజాతి పేరే ముందు వస్తుంది. అప్పటినుంచీ అమ్మ ఆ సంగతి వీధి వీధంతా చెవులు చిల్లులు పడేలా చెబుతూనే ఉంది.

ఇప్పుడు జన్యుపరీక్ష వచ్చి కొంప ముంచింది. ఆ మూడూ పక్కనున్న నూట నలభై రకాల మొక్కల పెద్ద ప్రజాతి కడుపులోంచే పుట్టాయట. ఒకే మూలం నుంచి వచ్చినవాటిలో కొన్నిటిని మాత్రమే విడదీసి వేరు కాపురం పెట్టించడం కుదరదు. అమ్మ ప్రజాతి పెద్దదాంట్లో కలిసిపోవాలి, లేదా ఆ పెద్దదే తొమ్మిది ముక్కలై, అందులో అమ్మది ఒకటిగా నిలవాలి. ఆమె హుషారుగా తొమ్మిది ముక్కలూ చేసి పేర్లు కూడా పెట్టేసింది. ఇక చూడగానే తేడా తెలిస్తే చాలు, లేకపోతే తోటివాళ్లు దుమ్మెత్తిపోస్తారు.

పరీక్షకు అమ్మనే పిలిచింది, కారణం చెప్పకుండా. పేర్లు కప్పేసి పద్దెనిమిది అట్టలు బల్ల మీద పరిచింది.

"వేటికవి వేరు చెయ్యమ్మా."

అమ్మ కళ్లజోడు సవరించుకుని పువ్వులు, కాయలు, ఆకు అడుగున నూగు అన్నీ చూసింది. ఒక్కో అట్టా తీసి ఒకదాని మీద ఒకటి పేర్చింది. పద్దెనిమిదీ ఒకే దొంతర అయ్యాయి.

"మళ్లీ చూడమ్మా. అందులో నీవీ ఉన్నాయి."

"తెలుసే. మోసింది నేనేగా. అయినా లేని తేడా ఎక్కణ్ణుంచి తేను?"

కూతురు ఉన్నదంతా చెప్పేసింది.

"అంటే ఇక నా పేరు తీసేసి వాళ్ల ఇంటిపేరు పెడతావన్నమాట," అంది అమ్మ నెమ్మదిగా.

"పెట్టాలమ్మా."

"నా పెళ్లిలోనూ అంతే చేశారు. అప్పుడు నన్నెవరూ అడగలేదు. నువ్వు నాచేతే తేల్పించావు." అమ్మ పెదవులు అదిరాయి. ఏడుస్తుందని కూతురు భయపడింది గానీ, వచ్చింది నవ్వు. "ఇంతకీ ఆ నూట నలభై మందీ మంచివాళ్లేనా?"

"ముగ్గురికి ముళ్లున్నాయి. ఒకావిడ దురద పెడుతుంది."

"అత్తారిల్లన్నాక ఆ మాత్రం ఉండదూ," అంది అమ్మ. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

కళ్లు తుడుచుకుని కూతురు కొత్త పేరు చీటీ రాసింది. పాత చీటీ చింపకూడదు, కొత్తది దాని పక్కనే అంటించాలి. అక్కడి నియమం అది.

"ఆ జిగురు ఇలా ఇవ్వు," అంది అమ్మ. "నేనే అంటిస్తాను."