ఆర్కాలజీలో తాతగారికి చోటు

అట్టముక్కలతో, ప్లాస్టిక్ రేకులతో ఊళ్ళు కట్టడం ఆమె పని. చదివింది ఆర్కిటెక్చరే అయినా గీతలకంటే బొమ్మల మీదే మనసుపడి, ఆర్కిటెక్టు ఆఫీసులో నమూనాలు చేసే బల్ల దగ్గర స్థిరపడింది. అందరూ బొమ్మలక్క అంటారు. పైకప్పులు అతికించే ముందు ఆమె గోరంత మనిషిబొమ్మను పట్టకారుతో పట్టుకుని భవనంలో ఒక రోజంతా తిప్పుతుంది. నిద్ర లేపుతుంది, మెట్లు దింపుతుంది, పనికి పంపి మళ్ళీ ఇంటికి చేరుస్తుంది. తలుపు మరిచిపోయిన స్నానాలగదులు, గోడకు కొట్టుకునే మెట్లు అలాగే బయటపడేవి. కుర్ర ఆర్కిటెక్టులు చాటుగా నవ్వుకుంటారు. నవ్వితే నవ్వనీ, ఆ ఇళ్ళలో కాపురం చేసేది వాళ్ళు కాదు కదా.

ఈసారి బల్ల మీదున్నది పోటీకి వెళ్ళబోయే ఆర్కాలజీ. ఇంట్లో ఆ మాట చెప్పగానే అమ్మ ఉల్లిపాయలు తరుగుతున్నదల్లా ఆగింది.

"అదేం జబ్బే?"

"జబ్బు కాదమ్మా. ఆర్కిటెక్చర్‌నీ ఎకాలజీనీ కలిపి కుట్టిన మాట. ఊరంతా ఒకే కట్టడంలో ఉంటుంది. తిండి అందులోనే పండుతుంది, కరెంటు అందులోనే పుడుతుంది. వాడిన నీళ్ళు శుభ్రమై మళ్ళీ కుళాయిలోకే వస్తాయి. చెత్త కూడా గేటు దాటదు."

"ఈమధ్య ప్రతి బిల్డింగు మీదా ఇలాంటి మాటే ఏదో రాస్తున్నారుగా?"

"డాబా మీద నాలుగు మొక్కలు పెట్టి రాసేస్తున్నారు. మా పెద్దసారుకి అది చూస్తే ఒళ్ళు మంట. పుట్టుక నుంచీ బతుకు మొత్తం లోపలే సాగాలి, పక్క ఊరి మీద పడి తినకూడదు, అప్పుడే ఆ మాట వాడాలంటారు."

బతుకు మొత్తం అని తన నోటితోనే అన్నాక, ఒక్కరోజు తిప్పి వదిలేస్తే ఎలా? మర్నాడు ఆమె ఒక మనిషిని పుట్టుక నుంచి నడిపించింది. ఆస్పత్రిలో పుట్టించింది, బడికి పంపింది, మెట్లుమెట్లుగా ఉన్న పొలాల్లో పని ఇప్పించింది. చివరికి చేతికర్ర పట్టిన తాతగారి బొమ్మను తీసి, ఆస్పత్రి మంచం మీద పడుకోబెట్టి, కన్నుమూయించింది. ఆ తర్వాత పట్టకారు గాల్లోనే ఆగిపోయింది. తాతగారిని దించడానికి ఆ నగరంలో జానెడు చోటు లేదు. గేటు దాటించాల్సిందే.

ఆమెకు నాన్న గుర్తొచ్చాడు. ఊళ్ళో ఉన్న శ్మశానం మీదుగా వంతెన కట్టారు. ఆయన్ను ఊరి బయట, ఎక్కడో ఫ్యాక్టరీల అవతల పాతిపెట్టాల్సి వచ్చింది. అక్కడికి రెండు బస్సులు మారాలి, ఆపైన నడక. మోకాళ్ళు సహకరించినన్నాళ్ళు అమ్మ వెళ్ళింది, తర్వాత మానేసింది. "మీ నాన్న ఏమనుకుంటున్నారో" అని మాత్రం అంటూనే ఉంటుంది. బల్ల ముందు నిలబడి కూతురు పళ్ళు కొరుక్కుంది. ఈ ఊళ్ళో మాత్రం అలా జరగనివ్వకూడదనుకుంది.

మధ్య అంతస్తులో, ఎండ బాగా పడేచోట హోటళ్ళున్నాయి. వాటిని పీకేసి, రంపపుపొట్టుకు మట్టిరంగు వేసి పరిచింది. స్పాంజి చెట్లు నాటింది. అగ్గిపుల్ల చీల్చి ఒక బెంచీ చేసింది.

మధ్యాహ్నం పెద్దసారు వచ్చారు. ఆఫీసు ఆయనదే, నగరం గీసిందీ ఆయనే.

"ఇక్కడ హోటళ్ళుండాలి కదమ్మా?"

"శ్మశానం పెట్టాను సార్."

ఆయన ముఖంలో కత్తివేటుకు నెత్తుటిచుక్క లేదు. "మతిపోయిందా నీకు? డబ్బు పెట్టేవాళ్ళు చూశారంటే ప్రాజెక్టుకు నీళ్ళొదులుకోవాలి. శ్మశానమున్న చోట ఫ్లాటెవరు కొంటారు?"

"కొన్నవాళ్ళు చావరా సార్?"

"చస్తారు. బయట ఊరుందిగా, అక్కడికి తీసుకెళ్తారు."

"మన నీళ్ళు మనవి, మన చెత్త మనది, మన శవాలు మాత్రం ఊరివాళ్ళవా?"

పెద్దసారు గడియారం చూసుకున్నారు. "వాదించకు. సాయంత్రంలోగా తీసెయ్" అన్నారు.

ఆమె ఇంకా అతికించని ఇత్తడి పలకను తెచ్చి ఆయన ముందు పెట్టింది. దానిమీద ఆర్కాలజీ అని అందంగా చెక్కి ఉంది.

"తీసేస్తాను సార్. అప్పుడు ఇది కూడా తీసేయాలి. ఖరీదైన అపార్ట్‌మెంటు అని ఇంకో పలక చేసిస్తాను. ఈ మాట మాత్రం నా చేత్తో అతికించను. కాదంటే వేరేవాళ్ళచేత అతికించుకోండి, రేపట్నుంచి బొమ్మలు కూడా వాళ్ళచేతే చేయించుకోండి."

ఆ జీతం మీదే ఇల్లు నడుస్తోంది. అయినా ఆమె పట్టు సడలించలేదు. తాతగారిని పట్టకారుతో తీసి ఆయన చేతికిచ్చింది.

"ఈయన పొద్దున్నే ఆస్పత్రిలో పోయారు. మీరే ఎక్కడికి తీసుకెళ్తారో తీసుకెళ్ళండి సార్."

పెద్దసారు చిరాగ్గానే అందుకున్నారు. తాతగారిని లిఫ్టులో దించారు, పిల్లల పార్కు పక్కనుంచి నడిపించారు, గేటు దాటించారు. అక్కడితో బల్ల అయిపోయింది. ఆయన చెయ్యి గాల్లో నిలబడింది, కింద తుక్కు వేసే బుట్ట ఉంది. అట్టలు కోస్తున్న కుర్రాళ్ళు కూడా కత్తులాపి చూస్తున్నారు. పెద్దసారు ఎంతసేపు అలా నిలబడ్డారో గానీ, తాతగారిని వెనక్కి తెచ్చి అగ్గిపుల్ల బెంచీ పక్కన నెమ్మదిగా దించారు.

"చెట్లు ఇంకా కావాలి ఇక్కడ" అన్నారు. "హోటళ్ళు కిందికి మార్చు. డబ్బు పెట్టేవాళ్ళచేత చీవాట్లు నేను తింటాలే."

తినాల్సినన్ని తిన్నారు కూడా. పోటీలో బహుమతి వేరేవాళ్ళను వరించింది, డబ్బు పెట్టేవాళ్ళు ముఖం మాడ్చుకున్నారు. బొమ్మలక్కకు అదేమీ పట్టలేదు. పోటీ నమూనాల ప్రదర్శన ముగిసేలోపు అమ్మను చెయ్యిపట్టుకుని హాలుకు తీసుకెళ్ళింది.

అమ్మ కళ్ళద్దాలు సర్దుకుని, అద్దాలపెట్టె మీదికి వంగింది. ఇళ్ళెక్కడో అడిగింది, కూతురు చూపించింది. చెట్లమధ్య ఆ బెంచీ ఏమిటని అమ్మ అడిగింది.

"అక్కడ పోయినవాళ్ళుంటారమ్మా."

అమ్మ ఇంకాస్త వంగి చూసింది. "ఇంటినుంచి ఎంత దూరం?" అంది.

"లిఫ్టు దిగడమే."

అమ్మ వేలు అద్దం మీద ఒక ఇంటినుంచి బెంచీ దాకా వెళ్ళింది, తిరిగి ఇంటికొచ్చింది, మళ్ళీ వెళ్ళింది.

"అయితే చెప్పులు కూడా వేసుకోనక్కర్లేదన్నమాట" అంది.