ఆరు గదుల సాక్ష్యం

నేను ఒక మాగ్నమ్ రివాల్వర్‌ని. ప్రస్తుతం పోలీస్ స్టేషన్లో బల్ల మీద, మెడకి నంబరు చీటీతో పడి ఉన్నాను. బల్లకి అవతల నన్ను ఏరికోరి కొనుక్కున్న మణెమ్మ కూర్చుని ఉంది. ఇద్దరం నిందితులమే.

సీఐ దామోదర్ నన్ను జేబురుమాలుతో ఎత్తి మూడోసారి వాసన చూశాడు.

"కాల్చి వారం గూడ కాలే. ఇంకెందుకమ్మా దాచుడు? యాకయ్యను కాల్చింది నువ్వేనని ఒప్పుకో."

"నేను కాల్చలే" అంది మణెమ్మ. పొద్దుటి నుంచీ అదే మాట. గొంతు ఇసుమంత కూడా తగ్గలేదు.

యాకయ్య ఆమె పెట్రోలు బంకులో మేనేజరు. మూడు రోజుల కింద, మిట్టమధ్యాహ్నం, హెల్మెట్ పెట్టుకుని, ఒళ్లంతా కప్పుకున్న మనిషెవరో బంకు వెనక గదిలోకి వచ్చి అతన్ని రెండుసార్లు కాల్చి పోయారు. ఆడో మగో చూసినవాళ్లకి తెలియలేదు. యాకయ్యకి ఇంకా స్పృహ రాలేదు. అంతకుముందు రోజే మణెమ్మ అతనితో అందరి ముందూ గొడవపడింది. కాల్పుల వేళకి పొలం దగ్గర ఒంటరిగా ఉంది. సీఐకి అంతకన్నా ఏం కావాలి? సాయంత్రానికి ఆమెని జైలుకి, నన్ను ల్యాబ్‌కి పంపే కాగితాలు సిద్ధమయ్యాయి.

ఆమె పక్క కుర్చీలో మరిది జనార్దన్. వదిన కోసం లాయరుకి ఫోన్లు చేస్తున్నది అతనే, నీళ్లు తెప్పించి ఇస్తున్నదీ అతనే. ఆమె జైలుకి పోతే బంకు దక్కేదీ అతనికే. ఈ చివరి సంగతి మాత్రం ఎవరూ పైకి అనలేదు.

నాకూ నోరుంది. కానీ అది ఒక్కసారి తెరిస్తే ఈ గదిలో ఎవరికీ క్షేమం కాదు. కాబట్టి మీతోనే చెప్పుకుంటాను.

నేను సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. మామూలు రివాల్వర్ తూటా కంటే పొడుగ్గా, ఎక్కువ మందు దట్టించిన తూటాని మాగ్నమ్ అంటారు. దాన్ని తట్టుకోవడానికే నాకు ఇంత దిట్టమైన ఒళ్లు, ఆరు గదులు. ఒక పెద్దమనిషి నన్ను పెట్టెలో స్వెట్టర్ల కింద దాచి ఈ దేశం తెచ్చాడు. రేవులో పట్టుబడ్డాం. ఆయన జరిమానా కట్టి ఇంటికి పోయాడు, నేను పదకొండేళ్లు కస్టమ్స్ గోడౌన్లో మగ్గాను. మనుషుల న్యాయం ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. ఆఖరికి వేలంలో నన్ను హైదరాబాద్ తుపాకుల దుకాణం యజమాని హకీముద్దీన్ సాబ్ పాడుకున్నాడు.

రెండేళ్ల కింద మణెమ్మ ఆ దుకాణం మెట్లెక్కింది. అంతకు ఏడాది ముందు బంకు మీద పడ్డ దొంగలు ఆమె భర్త వీరేశాన్ని పొడిచి చంపారు. అప్పటికి లైసెన్సు చేతికొచ్చింది. వెంట జనార్దన్ వచ్చాడు. అతనికీ ముప్ఫై ఎనిమిది నంబరు తూటాల రివాల్వర్ ఒకటి ఉంది, అదే దుకాణంలో కొన్నది.

సాబ్ అలవాటు ప్రకారం అరచేతిలో ఇమిడే చిన్నవాటిని ముందు పెట్టాడు. మణెమ్మ వాటిని ముట్టుకోలేదు. కింది అరలో ఉన్న నన్ను చూపించమంది. ఎత్తగానే ఆమె మణికట్టు కొంచెం వంగింది.

"వదినా, దాన్ని మోసుడే నీతోటి కాదు, ఇగ కాలుస్తవా?" అని నవ్వాడు జనార్దన్.

"నీకు బరువైతే నువ్వు ముట్టకు" అంది ఆమె.

సాబ్ ఉన్న మాట చెప్పాడు. నాలో రెండు రకాల తూటాలు పడతాయి. పొడుగువి నా సొంతం. ముప్ఫై ఎనిమిదివి పొట్టివి, చేతికి దెబ్బ తక్కువ. మొదటిసారి మాగ్నమ్ కొన్నవాళ్లు చాలామంది వాటితోనే చెయ్యి అలవాటు చేసుకుంటారట.

"నా మొగన్ని పొడిచినోళ్లు సగం బలంతోటి పొడవలే సాబ్. నాకు పొడుగువే ఇయ్యుండ్రి."

ఆ క్షణాన నేను ఆమె మనిషినైపోయాను.

తర్వాత సాబ్ నన్ను ఎలా శుభ్రం చేయాలో చెప్పడం మొదలుపెట్టాడు. మసి ఎక్కడ పడుతుంది, ఎందుకు పడుతుంది, ఎలా తుడవాలి, అరగంట పాఠం. జనార్దన్ ఆవలించి, చాయ్ తాగొస్తానని బయటికి పోయాడు. మణెమ్మ కదలకుండా విన్నది. తుపాకీ ఒక చోట, తూటాలు ఇంకో చోట దాచమన్న మాట కూడా విన్నది. అందుకే నేను పడకగది బీరువాలో, తూటాలు వంటింట్లో మెంతుల డబ్బాలో.

ఆమె నాతో పది తూటాలు కాల్చింది, అన్నీ శిక్షణ మైదానంలోనే. మొదటి దెబ్బకి చెయ్యి నెత్తి దాకా లేచింది. మర్నాడు భుజానికి జండూబామ్ రాసుకుని మళ్లీ వచ్చింది. కాల్చిన ప్రతిసారీ పాత నూలు చీర పేలికతో నా గదులన్నీ అద్దంలా తుడిచింది. కాల్చాక మిగిలిన తూటాల ఖాళీ గొట్టాలు కూడా పారేయలేదు.

మూడు రోజుల కింద బీరువా తెరిచింది ఆమె కాదు. తాళంచెవి మాత్రం బీరువాదే. తెరిచినవాడు తూటాల కోసం గదంతా గాలించాడు. దొరకలేదు. చివరికి తన జేబులోంచి రెండు తీసి నాలో పెట్టాడు. నాకు కాదనే వీలు లేదు, నా జాతికి ఉన్న అవమానం అదొక్కటే. పని అయ్యాక నన్ను పైపైన తుడిచి బీరువాలో పెట్టేశాడు.

లోపల తుడవలేదు.

ఇదిగో, హకీముద్దీన్ సాబ్ వచ్చాడు. నా నంబరు అమ్మకాల రిజిస్టరుతో సరిచూసి సంతకం పెట్టడానికి సీఐ పిలిపించాడు. సాబ్ నంబరు చూశాడు. సంతకం పెట్టలేదు. నా గదుల చక్రం పక్కకి తెరిచి, టార్చి వేసి, చాలాసేపు చూశాడు.

"సార్, అమ్మ ఇంట్లో దొరికిన ఖాళీ గొట్టం ఒకటి ఇప్పించండి."

గొట్టం ఇచ్చారు. సాబ్ దాన్ని నా గదిలోకి దూర్చి, తీసి, మళ్లీ దూర్చి సీఐకి చూపించాడు.

"నాలుగు గదులు శుభ్రంగా ఉన్నాయి. రెండింటిలో ఉంగరంలాగ మసి గీత ఉంది. ఈ పొడుగు గొట్టం పెడితే ఆ గీత దీని కింద దాగిపోతుంది. అంటే దీనితో కాలిస్తే అక్కడ మసి పట్టనే పట్టదు. అక్కడ మసి పట్టిందంటే వేసింది పొట్టి తూటా."

"అవి గూడ ఈమెనే కొన్నదేమో" అన్నాడు సీఐ. గొంతులో పొద్దుటి ధీమా లేదు.

"లైసెన్సు మీద రాయకుండా ఎవరూ అమ్మరు సార్. అమ్మ లైసెన్సు మీ ముందే ఉంది, ఒక్క పొట్టి తూటా కనబడదు. నా రిజిస్టరులో మీ మండలం నుంచి అవి కొనేది ఒకే ఒక్కరు." సాబ్ పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు.

జనార్దన్ లేచి నిలబడ్డాడు. "అందరికి చాయ్ చెప్పొస్త" అన్నాడు.

"కూసో" అంది మణెమ్మ. గుమ్మంలో కానిస్టేబుల్ అడ్డంగా నిలబడ్డాడు. "ఆ దినం గూడ గిట్లనే చాయ్‌కు పోయినవ్. కూసోని సాబ్ చెప్పింది ఇనుంటే లోపల గూడ తుడుద్దువు."

అతను కూర్చోలేదు. సీఐ నన్ను బల్ల మీద పెట్టేశాడు.

"మా ఆయన జేబుల ఉండె బీరువా రెండో తాళంచెవి ఎటు పోయిందో మూడేండ్ల సంది ఎతుకుతున్న సార్" అంది మణెమ్మ, మరిది మొహం మీంచి చూపు తిప్పకుండా. "ఇగ ఎతుకుడు బందు. రాసుకోండ్రి. యాకయ్యను కాల్చింది నా మరిది, జనార్దన్."