మూడో గేరు

ముప్పై తొమ్మిదేళ్లు వచ్చాక నేను నా మొదటి మోటారు సైకిలు కొన్నాను. అవసరం కొద్దీ కొన్నానని అందరికీ చెప్పాను. అవసరం ఉన్న మాట నిజమే. కానీ కొన్నది మాత్రం మా అన్న నయీం మీద కోపంతో.

మేమిద్దరం జమ్మలమడుగులో ఒకే సందులో ఉంటాం. నైటీలు, లంగాలు, పిల్లల గౌన్లు మూట కట్టుకుని వారపు సంతల్లో అమ్ముతాం. పదహారేళ్లు ఒకే బండి మీద తిరిగాం. బండి మా అన్నది. నడిపేది అతను, వెనక కూర్చునేది నేను, మధ్యలో మూట. సంతల్లో ఎవరి జాగా అంటూ ఉండదు. ముందు వచ్చి నేల మీద టార్పాలిన్ పట్ట పరిచినవాడిదే జాగా. అందుకే సంత కనబడగానే, బండి పూర్తిగా ఆగకముందే, చంకలో పట్టతో నేను ఎడమపక్కకు దూకేవాణ్ణి. అన్న బండి నిలబెట్టి వచ్చేసరికి గోడ నీడ మాదయ్యేది. పులివెందుల సంతలో ఒక పాత గోడౌను ఉంది. పదకొండు దాటాక దాని గోడ కింద తప్ప ఎక్కడా నీడ ఉండదు. ఆడవాళ్లు నీడ ఉన్నచోటే నిలబడి బట్ట తడిమి చూస్తారు. ఎదురుగా కాలువ పక్కన కూర్చున్నవాడి దగ్గరికి ఎవరూ రారు.

మా ఇద్దరి మధ్య మాటలు ఆగిపోయిన రోజు మేం ప్రొద్దుటూరు సంతలో ఉన్నాం. ఒకావిడ నన్ను ఏదో ధర అడిగింది. నేను నోరు తెరిచేలోపల అన్న అందుకున్నాడు.

"వాణ్ణి అడగొద్దు మా. వాడు మూటతో పాటు వచ్చినోడు."

ఆవిడ నవ్వింది. చుట్టుపక్కల పట్టల మీద కూర్చున్నవాళ్లూ నవ్వారు. అన్న నవ్వలేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది. అతను హాస్యానికి అనలేదు. ఉన్న సంగతి చెప్పాడు, అంతే. ఆ సాయంత్రం నేను బండి ఎక్కకుండా బస్సులో ఇంటికొచ్చాను. మరునాడు సరుకు పంచుకున్నాం. సందులో ఎదురుపడితే ఇద్దరం గోడల్ని చూస్తూ నడిచేవాళ్లం.

తొలి బస్సు పులివెందుల చేరేసరికి గోడ కింద అన్న పట్ట పరిచి ఉండేది. నాలుగు సంతలు కాలువ పక్కనే కూర్చున్నాను. ఇక బక్రీదుకు ముందు మిగిలింది రెండే సంతలు. ఏడాదిలో అంత బేరం మళ్లీ ఉండదు. ఆ రెండింటిలో ఒక్కసారైనా గోడ నీడ దొరక్కపోతే నేను విడిగా బతకలేనని తేలిపోతుంది. తిరిగి అన్న వెనక కూర్చోవాలి. అందుకే బండి కావాలి.

చిక్కేమిటంటే నాకు బండి నడపడం రాదు. ఈ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. మా వైపు ముప్పై తొమ్మిదేళ్ల మగవాణ్ణి ఈ ప్రశ్న ఎవరూ అడగరు. ఎందుకు నేర్చుకోలేదని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. అన్న బండి ఇచ్చేవాడు కాదని ముందు ఒక జవాబు దొరికింది. అది అబద్ధం. మొదట్లో రెండుసార్లు తాళంచెవి చేతికిచ్చాడు. నేనే మడమ నొప్పి అన్నాను. వెనక కూర్చున్నవాడికి ఒక సుఖం ఉంది. దారి తప్పినా, గుంతలో పడినా, ఆలస్యమైనా తప్పు అతనిది కాదు. ముందువాడి వీపు చూస్తూ నిశ్చింతగా ద్వేషించుకోవచ్చు. నేను పదహారేళ్లు ఆ సుఖాన్ని వదులుకోలేదు.

ప్రొద్దుటూరులో ఒక షోరూముకు వెళ్లాను. అవినాష్ అని, మెడలో కార్డు వేసుకున్న కుర్రవాడు ఎదురొచ్చాడు.

"ఏం బండి చూద్దామన్నా?"

"నూట పాతిక కంటే పెద్దది."

మా అన్నది నూట పాతిక సీసీ బండి. నా మనసులో ఉన్న కొలత అదొక్కటే.

"దేనికన్నా, ఫ్యామిలీకా, లాంగ్ పోయేదానికా?"

"సంతకు."

అతను నన్ను పైకీ కిందికీ చూశాడు. "సంతకయితే ఎక్సెల్ తీసుకోన్నా. గేర్లుండవు, రెండు కాళ్లు కింద పెట్టుకోవచ్చు, రెండు మూటలు పడతాయి. కొత్తగా నేర్చుకునేటోళ్లకు శానా సులువు."

"కొత్తగా నేర్చుకుంటాండానని నీకెవరు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలేదన్నా. ఊరికే అంటి." నల్లగా, ఎద్దంత ఉన్న ఒక బండి తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టాడు. "అట్ల రోడ్డు మీద ఒక రౌండు ఏసుకోని రా మరి."

"మడమ నొప్పిగా ఉండాది."

"సరే, కూచ్చోనన్నా చూడు."

ఎక్కాను. మునివేళ్లు మాత్రమే నేలకు తగిలాయి. బండి కుడివైపుకు కొద్దిగా వాలింది. నేను పట్టుకోలేకపోయాను. అవినాష్ ఒక్క చేత్తో, అలవాటైన పనిలాగా, దాన్ని నిలబెట్టాడు. ఆ చెయ్యి అక్కడ సిద్ధంగా ఉండడమే నాకు నచ్చలేదు. నేను ఎక్కకముందే అతనికి సంగతంతా అర్థమైపోయింది.

"మళ్లొస్తా," అన్నాను.

"ఎక్సెల్ ఆలోచించుకోన్నా," అని వెనక నుంచి అరిచాడు. టీ తాగుతున్న ఇద్దరు మెకానిక్కులు తలలు తిప్పారు.

మరునాడు మెహతాబ్ దగ్గరికి పోయాను. అతను గండికోట దారిలో పాతబండ్లు కొని, బాగుచేసి అమ్ముతాడు. యాభై దాటినవాడు, నోరు చెడ్డది. దాచడానికి ఓపిక లేక అతనికి నిజం చెప్పేశాను. షెడ్డు వెనక ఖాళీ జాగాలో ఒక పాత వంద సీసీ బండి ఇచ్చి నేర్పడం మొదలుపెట్టాడు.

క్లచ్చి, గేరు, బ్రేకు నాలుగు రోజుల్లో చేతికొచ్చాయి. ఒక్కటే రాలేదు. ఆపేటప్పుడు బండి నెమ్మదించిందో లేదో, నా కుడికాలు దానంతటదే లేచి సీటు మీదుగా ఎడమపక్కకు వచ్చేసేది. నేను నేల మీద రెండడుగులు పరిగెత్తేవాణ్ణి. నడిపేవాడు లేని బండి పది గజాలు పోయి పడిపోయేది.

మూడోసారి బండి పడ్డప్పుడు మెహతాబ్ బీడీ పారేశాడు.

"ఏందప్పా నీ కత? దిగేదానికింత తొందరయితే ఎక్కేదెందుకు?"

"అలవాటు, మామా. సంతలో జాగా పట్టేదానికి..."

అంతా చెప్పాను. అతను చాలాసేపు నవ్వాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"పదారేండ్లు నువ్వు నేర్చుకునింది బండి ఎక్కేది కాదు రా నాయనా, దిగేది."

తాడు తెచ్చి నా కుడికాలిని ఫుట్‌రెస్టుకు కట్టేశాడు. షెడ్డులో పనివాళ్లు బయటికొచ్చి నిలబడ్డారు. నలుగురు చూస్తుండగా, కాలు కట్టిన మేకలాగా, ఆ జాగాలో రెండు పూటలు తిరిగాను. కాలు లేవాలని లాగేది. తాడు చర్మాన్ని కోసేది. అన్నను అప్పుడు ద్వేషించినంతగా ఎప్పుడూ ద్వేషించలేదు. అన్న దూకమని నాకెన్నడూ చెప్పలేదని కూడా అప్పుడే గుర్తొచ్చింది. మొదటి రోజు నేనే దూకాను. అతను మెచ్చుకుంటాడని.

కాలు మాట వినడం మొదలుపెట్టాక బండి ఎంచుకునే పని వచ్చింది. మెహతాబ్ షెడ్డులో ఒక పెద్ద ఎర్రబండి ఉంది. దాన్ని సందులో అన్న గుమ్మం ముందు నిలబెడితే ఎట్లా ఉంటుందో ఊహించుకుంటున్నాను.

"దాని పక్క చూడాకు," అన్నాడు మెహతాబ్. "అది నీకు బరువు. నువ్వు మూటేసుకోని మలుపు తిప్పితే అది నీ మీద పండుకుంటాది. నేర్చుకున్న బండే తీసుకో. కాళ్లు ఆనుతాండాయి, దాని రోగాలు నీకు తెలుసు, నీవి దానికి తెలుసు."

"మా అన్నదాని కంటే శానా చిన్నది కదా, మామా."

"మీ అన్నకు చూపించేదానికయితే ఎర్రబండి వానికే కొనియ్యిపో."

చిన్నబండే తీసుకున్నాను. ఒక్క మార్పు చేయించాను. వెనక సీటు కోయించి, ఆ చోట ఇనుప చట్రం బిగించమన్నాను, మూట పెట్టుకోవడానికి. మూట కోసమే అయితే తాళ్లు చాలు. నా బండి మీద వెనక మనిషి కూర్చునే చోటంటూ ఉండకూడదు, అంతే.

బండి ఇంటికి తెచ్చినప్పుడు నా భార్య సాజియా గుమ్మంలో నిలబడి చూసింది. ముందు చక్రం, ట్యాంకు, సీటు వరుసగా చూసి, చట్రం దగ్గర ఆగింది.

"నేను యాడ కూచ్చోవాల?"

నేను చట్రం తుడవడం మొదలుపెట్టాను. ఇన్ని రోజులు బండి గురించే ఆలోచించాను. ఆ ఆలోచనల్లో ఆమె ఒక్కసారి కూడా రాలేదు. నా తలలో వెనక సీటు మీద ఇద్దరే కూర్చోగలరు: నేను, లేకపోతే అన్న.

"మాట్లాడవేంది? ఆస్పత్రికి పోవాలంటే ఆ ఇనుం మీద మూటకట్టి ఏసుకోని పోతావా నన్ను?"

"సంత బండి ఇది, సాజియా."

"కాదు. ఇది మీ అన్న బండి. మీ అన్న ఇంట్లో పెట్టుకోపో."

లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఇంట్లో కూడా మాటలు తగ్గాయి.

బక్రీదుకు ముందరి మొదటి సంతకు నేను సిద్ధంగా లేను. రెండోదానికి, అంటే చివరిదానికి, తెల్లవారుజామున బయల్దేరాను. బండి తొయ్యకుండా సందులోనే స్టార్ట్ చేశాను, అన్నకు వినబడాలని. వినబడింది. అతని ఇంట్లో లైటు వెలిగింది.

ముద్దనూరు దగ్గర వెనక నుంచి అతని బండి చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. ఆపకుండా నన్ను దాటి ముందుకు పోయాడు. అతని వెనక మూట ఉంది, మనిషి లేడు. సిమెంటు లారీలు ఎదురొస్తున్నాయి. నేను అతని వెనకే నడిపాను. విచిత్రంగా లారీలంటే భయం తగ్గింది. అతను వంగిన చోట వంగాను, నెమ్మదించిన చోట నెమ్మదించాను. ఇరవై కిలోమీటర్లు ఎంతో హాయిగా పోయాను. తూర్పున వెలుతురు వచ్చాక ఆ హాయి ఏమిటో అర్థమై ఒళ్లు మండింది. బండి మారింది గానీ నేను ఇంకా అతని వెనకే ఉన్నాను.

తొండూరు ముందు ఒక ట్రాక్టరు అడ్డంగా వచ్చింది. అన్న బ్రేకు వేశాడు. నేను వెయ్యలేదు. మట్టి అంచు మీదుగా ఇద్దర్నీ దాటేశాను.

ఎదుట ఎవరూ లేరు. నేరుగా దారి, రెండు పక్కలా ఎండిన చేలు. పదహారేళ్లు పోయిన దారే. దాన్ని ముందు నుంచి అంతవరకు ఎన్నడూ చూడలేదు. ఇంకా పద్దెనిమిది కిలోమీటర్లు. ఇట్లాగే పోతే గోడ నాదే. యాక్సిలరేటర్ తిప్పాను. బండి అరిచింది గానీ వేగం పెరగలేదు. నేను మూడో గేరులో ఉన్నాను. మెహతాబ్ షెడ్డు వెనక జాగాలో నాలుగో గేరుకు చోటు లేదు. అది ఉందని తెలుసు గానీ, ఆ క్షణంలో తట్టలేదు.

అన్న పక్కకు వచ్చాడు. నన్ను దాటలేదు. కొంతదూరం సమానంగా నడిపి, నా ఇంజను వైపు చూసి, నలభై రోజుల తరువాత మొదటి మాట అన్నాడు.

"నాలుగులో ఎయ్యిరా. ఇంజను ఏడుస్తాండాది."

ఎగతాళి లేదు. పట్ట ఇటు లాగమన్నట్టు, మూట సరిగ్గా పట్టుకోమన్నట్టు, మామూలుగా చెప్పాడు. నా ఎడమచెయ్యి క్లచ్చి మీదికి పోయింది. ఎడమకాలు గేరు మీదికి పోయింది. ఒక్క నొక్కు చాలు. నాలుగు పడితే ఈ చిన్నబండి కూడా అతనికి సమానంగా పోగలదు, నాకు తెలుసు.

చెయ్యి తీసేశాను.

అతను చెప్పకుండా ఉంటే నేనే మార్చేవాణ్ణి, ఇంకో నిమిషంలో తట్టేది. ఇప్పుడు మారిస్తే ఆ గేరు అతనిది. సంతలో దొరికే నీడ కూడా అతను చెబితే దొరికిందే అవుతుంది. పళ్లు బిగబట్టి మూడులోనే ఇంకా తిప్పాను. బండి కాళ్ల మధ్య అదిరిపోయింది. అన్న ఒకసారి నా ముఖంలోకి చూశాడు. తరువాత ముందుకు తిరిగి, నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా నన్ను వదిలి వెళ్లిపోయాడు. ఆ పద్దెనిమిది కిలోమీటర్లూ నేను మూడులోనే నడిపాను.

చేరేసరికి గోడ కింద పట్ట పరిచి, గౌన్లు దులుపుతున్నాడు. కాలువ పక్కన నా పట్ట పరుచుకున్నాను. పదకొండు దాటాక ఎండ తలకెక్కింది. గోడ నీడలో ఆడవాళ్లు ఒకరి భుజాల మీదుగా ఒకరు బట్టలు అందుకుంటున్నారు. మధ్యాహ్నానికి నా దగ్గర ఒక ముసలమ్మ ఒక లంగా కొంది. ఇక కూర్చోలేక మూట కట్టేశాను. అన్న బేరం ఇంకా సాగుతూనే ఉంది.

తిరుగుదారిలో తొండూరు దాటాక, ముందూ వెనకా ఎవరూ లేరని చూసుకుని, నాలుగో గేరు వేశాను. ఇంజను ఏడుపు ఆపింది. బండి తేలిగ్గా, మెత్తగా సాగింది. వచ్చే వారం అన్న ఏమీ అడగడు, తన బండి వెనక సీటు మీది దుమ్ము మాత్రం దులిపి ఉంచుతాడు. వెళ్లి కూర్చోవాలో లేదో ముద్దనూరు దాకా ఆలోచించాను, తేలలేదు. వెనక నుంచి బండి చప్పుడు వినబడినప్పుడల్లా మాత్రం, అతనేమోనని, మూడుకు దించాను.