పసుపు ఆరకముందే

"అతావా?" అంది నర్సు.

దుర్గాంబ మొహం వెలిగింది. యాంగోన్ పురుటాసుపత్రిలో ఇన్నాళ్లకు ఒక నర్సుకి తెలుగు ముక్క పట్టుబడిందనుకుంది. "ఔనమ్మా, అత్తనే!" అని గట్టిగా తలూపింది.

అంతే. కోడల్ని మూలగదిలోకి తోసి తలుపు దగ్గరగా వేసేశారు.

రాధారాణికి తొమ్మిదో నెల. పొద్దున్న వాళ్లుండే తాకేటా పేటలో సీమంతం. పేరంటాళ్లు పోటీలు పడి మొహానికీ చేతులకీ కాళ్లకీ పసుపు పట్టించారు. పాట సగంలో ఉండగా పిల్ల తల పట్టుకుని కూలబడింది. పసుపు ఆరకముందే టాక్సీ ఎక్కించి తెచ్చింది దుర్గాంబ.

"తల పగిలిపోతోంది, కళ్లు మసకలేస్తున్నాయి" అని లోపల్నుంచి శుభ్రమైన బర్మీస్‌లో మూలుగుతోంది కోడలు.

"సయామా, ఒక్కపాలి సూడమ్మా!" అంది దుర్గాంబ తనకొచ్చిన బర్మీస్‌లో. నర్సుల్ని అక్కడ అలాగే పిలవాలి.

నర్సు తల ఎత్తలేదు. "కలా ఆడవాళ్లంతా ఇంతే. నొప్పి గింజంత, కేక కొండంత. పైగా ఒళ్లంతా పచ్చన. అంటురోగమేమో! డాక్టరమ్మ వచ్చాకే."

కలా. ఇండియా మొహం కనబడితే చాలు, ఈ ఊరు విసిరే మాట. తాతలు రేవులో మూటలు మోసిన నాటినుంచీ వింటున్నదే. ఈసారి దుర్గాంబకి గుచ్చుకున్నది 'పచ్చన'.

"ఓలమ్మో! అది పసుపు! రోగం కాదు!"

"అందరూ అలాగే అంటారు."

దుర్గాంబ తలుపు తోసుకు వెళ్లి, చీరచెంగు తడిపి కోడలి చెయ్యి రుద్దింది. పసుపు చెంగుకి దిగింది, నల్లని చెయ్యి తేలింది. ఆ చెంగు తెచ్చి నర్సు ముక్కు ముందు ఆడించింది.

"రోగమైతే గుడ్డకి దిగుతాదేటి? నీ బుగ్గలకి తనకా రాసుకున్నావు. నీకేటి రోగమని నానడిగేనా?"

తనకా అంటే అక్కడి ఆడవాళ్లు చెంపలకి రాసుకునే చెక్కగంధం. మన తనఖా కాదు లెండి. తనఖాలో ఉన్నది కోడలి ప్రాణం.

"కలా అంటానికి నోరొచ్చింది గాని, దాని కళ్లు సూడ్డానికి సెయ్యి రానేదేటి?" ఇది మాత్రం తెలుగులోనే తన్నుకొచ్చింది.

నర్సు విసుక్కుంటూ లేచి కోడలి కనురెప్ప ఎత్తింది. కన్ను తెల్లగానే ఉంది. చేతికి బీపీ పట్టీ చుట్టింది. చూసింది. మళ్లీ చుట్టింది. ఆ తర్వాత పరుగే పరుగు.

సాయంత్రానికి ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. తల్లీబిడ్డా దక్కారు. "బీపీ అంతెక్కింది, ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవి" అని డాక్టరమ్మ నర్సువైపు తిరిగింది. "మూలగదిలో ఎందుకు పెట్టావ్?"

"'అతావా' అని అడిగాను. ఈవిడే ఔనంది!"

కబురంది పేరంటాళ్లతో వచ్చిన దుర్గాంబ కొడుకు వాసు నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మా, బర్మీస్‌లో అతావా అంటే కామెర్లే!"

"నాకు 'అత్తవా' అని ఇనబడిందిరా."

డాక్టరమ్మకి వాసు విప్పి చెప్పాడు. పేరంటాళ్లు, ఆయాలు, డాక్టరమ్మ, అందరూ పగలబడి నవ్వారు. నర్సయితే మరీ హాయిగా.

దుర్గాంబ నవ్వలేదు.

"నాను తప్పే ఇన్నాను. మరి తల పగిలిపోతందని ఆ పిల్ల మీ బాసలోనే అరిసింది గదమ్మా. అది మీకు తప్పుగానైనా ఇనబడ్నేదు."